అరుగుకీ ర్యాంపుకీ మధ్య

మీ బళ్ళకి ఇప్పుడు ముందొక కెమెరా, వెనకొక కెమెరా ఉంటున్నాయట. గోడ దగ్గర పడితే బండే కుయ్యి కుయ్యిమని మూలుగుతుందట. సంతోషం. మా రోజుల్లో ఆ మూలుగుడు పక్క సీట్లో కూర్చున్న ఓనరు మూలిగేవాడు. నేను స్టీరింగు వదిలేసి ఇంట్లో కూర్చున్నాక, కొత్తగా లైసెన్సు తీసుకున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి, సందులో బండి తిప్పడం ఎలాగో చెప్పమంటుంటారు. ఎలా తిప్పాలో చూపిస్తే వస్తుంది గానీ చెబితే రాదు. అంత బండిని ఇంత సందులోకి ఎందుకు తెస్తారో మాత్రం నాకు తెలిసినంత చెబుతాను.

విజయనగరంలో నేను యాక్టింగ్ డ్రైవర్ని. అంటే సొంత బండి లేదు, ఒకే యజమానీ లేడు. ఏ పూట ఎవరు పిలిస్తే ఆ పూట వాళ్ళ కారు తోలడం నా ఉద్యోగం. నేను స్టీరింగు పట్టిన కొత్తలో కార్లు సన్నగా ఉండేవి. పెళ్ళికైనా చావుకైనా అదే కారు, అందులోనే ఇంటిల్లిపాదీ ఎక్కేవాళ్ళు, పైన బెడ్డింగులు కట్టేవాళ్ళు, ఒళ్ళో పిల్లలు, పిల్లల ఒళ్ళో పనసకాయలు. రెండువేల పది దాటాక ఆ కార్లకి ఏం తినిపించారో గానీ ఒళ్ళు చేయడం మొదలుపెట్టాయి. ఏటికేడూ తలుపులు మందం, చక్రాలు మందం, అద్దాలు ఏనుగు చెవులంత. లోపల కూర్చునేది మాత్రం ఒక్కడే.

షోరూముకి వెళ్ళినవాడు మైలేజీ అడుగుతాడు. పాటలొచ్చే తెర ఎంతుందో అడుగుతాడు. పైకప్పు తెరుచుకుంటుందా అని అడుగుతాడు, అది తెరిచి చూసేది మా ఎండలోకే అయినా. నా సర్వీసులో బండి వెడల్పెంత అని అడిగినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. వెడల్పు సంగతి ఇంటికొచ్చాక సందు చెబుతుంది.

మా సందు కోటకి దగ్గర్లోనే, పాత ఇళ్ళ మధ్య ఉంది. ఎప్పుడో జట్కాబళ్ళ కాలంలో వేసింది. జట్కా కూడా అందులోకి మొహమాటంగానే వచ్చి ఉంటుంది. అలాంటి సందులో వరసగా కార్లు దిగాయి. ఓ బట్టల షాపాయన కొన్నాడని ఓ లెక్చరరు గారు కొన్నారు, లెక్చరరు గారు కొన్నారని ఇంకొకాయన కొన్నాడు. అందరికీ డ్రైవింగు వచ్చు. బొబ్బిలి రోడ్డు మీద చూడాలి వాళ్ళ స్పీడు. సందులోకి రాగానే చెమటలు. దాంతో నాకో కొత్త ఉద్యోగం పుట్టింది. విశాఖ హార్బరుకి పెద్ద ఓడ వస్తే దాని కెప్టెన్ని నమ్మరట, ఊళ్ళో పైలట్ ఒకాయన పడవలో ఎదురెళ్ళి ఓడ ఎక్కి లోపలికి తెస్తాడట. మా సందుకి ఆ పైలట్ని నేను. పొద్దున్న ఇంటి దగ్గర ఎక్కి మెయిన్ రోడ్డు దాకా తెచ్చి ఓనరుకి అప్పజెప్పేవాణ్ణి. సాయంత్రం ఆయన సందు మొదట్లో ఆపి ఫోను కొట్టేవాడు. నేను వెళ్ళి బండిని ఇంట్లో పెట్టి తాళం ఇచ్చేవాణ్ణి. ప్రపంచమంతా తిరగ్గలిగిన మగవాడు తన గుమ్మంలోకి తను రాలేకపోవడం చూసి మొదట్లో నవ్వొచ్చేది. నెల తిరిగితే నా ఇల్లు గడుస్తోంది కాబట్టి తర్వాత నవ్వడం మానేశాను.

బండి సందులో అడుగుపెట్టిందంటే సందంతా డ్రైవర్లే. మేడ మీంచి ఒకాయన "రైటు కొట్టు" అంటాడు. కింద కిటికీలోంచి ఆయన భార్య "లెఫ్టు కొట్టమను" అంటుంది. "రానీ, రానీ, రానీ" అని వెనక ఒకడు అరుస్తుంటాడు, వాడు బండి ఏ పక్కకి వెళ్తోందో కూడా చూడడు. ఈ కచేరీకి పెద్ద మా ఆటో స్టాండులో నాతో పాటు కూర్చునే ఆటోవాడు. వాడికి సొంత ఆటో రివర్సు రాదు, దిగి తోసుకుంటాడు.

ఈ సందు మధ్యలో ఎడమ చేతి వైపు ప్లాట్లాయన ఇల్లు. ఆయన పేరుతో మనకి పని లేదు, ప్లాట్లు అమ్ముతాడు కాబట్టి అందరం ప్లాట్లాయన అనే అనుకునేవాళ్ళం. విశాఖ రోడ్డులో పొలాలకి పొలాలు కొని రాళ్ళు పాతించేవాడు. ఆయన పంచే రంగురంగుల కాగితాల మీద అరవై అడుగుల రోడ్లు, వాటి పక్కన ఎవరో తెల్లవాళ్ళ పిల్లలు సైకిలు తొక్కుతుండడం. అంత రోడ్లు అమ్మేవాడు ఆ సందులో ఎందుకున్నాడంటే, పుట్టి పెరిగిన ఆ ఇల్లు ఆయనకి కలిసొచ్చింది. గుమ్మం మారితే లక్ష్మి మారిపోతుందని సిద్ధాంతి గారు చెప్పారు. అంతేకాదు, వాహనం రాత్రి ఇంటి ఆవరణలోనే తూర్పు మొహంగా నిద్రపోవాలని కూడా చెప్పారు. బండికి నిద్ర ఏమిటని నేను అడగలేదు. సందులో మనకి నిద్ర పట్టకపోయినా బండికి పట్టాలి.

గేటు ఎత్తుగా ఉందని ఆయన మురిక్కాలవ మీదుగా ఓ సిమెంటు ర్యాంపు పోయించాడు. బండి పెద్దదైనప్పుడల్లా ర్యాంపూ కాస్త ముందుకి వచ్చేది. ఎవరూ ఏమీ అనలేదు. సిమెంటు తడిగా ఉన్నప్పుడు కుక్క ఒకటి దాని మీద నడిచింది, అభ్యంతరం అంటే అదొక్కటే.

ఆ గేటుకి సరిగ్గా ఎదురుగా, కుడి పక్కన, అప్ప అరుగు. అక్కని మా వైపు అప్ప అంటాం. సందంతటికీ ఆవిడ అప్పే. పెనిమిటి జూట్ మిల్లులో చేసేవాడు. మిల్లు మూశారు, తర్వాత ఆయన కూడా ఎంతోకాలం లేడు. అప్ప ఆ అరుగు మీద పొయ్యి పెట్టుకుని అట్లు వేయడం మొదలుపెట్టింది. అట్టు, బొంబాయి చట్నీ. పొద్దున్నే ఆటోవాళ్ళు, మిల్లు లేకపోయినా మిల్లు టైముకి లేచే అలవాటు పోని పాత కార్మికులు, నేను. ఇంట్లో రెండు గదులు, వీధిలో ఆ అరుగు. గదులు ఆవిడ పడుకోవడానికి, అరుగు ఆవిడ బతకడానికి.

ప్లాట్లాయన చివరికి కొన్న బండి ఎంతుందంటే, దాన్ని ఇంటికి తెచ్చిన రోజు చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు తొక్కించి ముందుకి కదిలితే, హారతి పట్టుకున్న ఆయన భార్య పక్కకి తప్పుకునే చోటు లేక వెనక్కి నడుచుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయింది. గేటులోకి తిప్పాలంటే మూతి ఎడమకి, వెనక కుడికి వెళ్ళాలి. ఆ వెనక వెళ్ళే చోట అరుగు అంచుంది. అద్దాలు మడిచి, ముందుకీ వెనక్కీ ఆడించి ఆడించి, వేలు పట్టే ఖాళీ మిగిల్చి రోజూ దూర్చేవాణ్ణి. గీత పడలేదు. అయినా ఆయనకి ఆ అరుగు కంట్లో నలుసైంది. పొద్దున్నే గేటు తీస్తే ఎదురుగా పదిమంది కూర్చుని అట్లు తింటూ తన బండి దూరుతుందా లేదా అని పందేలు వేసుకుంటుంటే ఎవరికైనా మంటే కదా.

మునిసిపాలిటీకి అర్జీ పెట్టాడు. అందులో తన కారు మాటే లేదు. సందులోకి ఫైరింజను రావడం లేదు, అంబులెన్సు రావడం లేదు, ప్రజల ప్రాణాలకి ముప్పు, అందువల్ల రోడ్డు మీదకొచ్చిన అరుగు తొలగించవలెను అని. ప్రజలంటే ఆయనకంత ప్రేమని మాకు అప్పుడే తెలిసింది. టౌన్ ప్లానింగ్ ఆఫీసరమ్మ ఒకావిడ కొత్తగా వచ్చింది. వచ్చి చూస్తాను, ఓ బండి సందు మొదటి నుంచి గేటు దాకా నడిపించి చూపించండి, పట్టకపోతే అరుగు కొట్టడానికి మార్కు పెట్టిస్తాను అని కబురంపింది.

ఆ ముందు రోజు సాయంత్రం బండి లోపల పెట్టి తాళం ఇవ్వబోతే ప్లాట్లాయన నా భుజం మీద చెయ్యేశాడు.

"మావా" అన్నాడు. పని పడినప్పుడే నేను ఆయనకి మావని, మిగతా రోజుల్లో డ్రైవర్ని. "రేపు ఆవిడ ముందర ఇరికించీయాల."

"ఏటి బాబూ ఇరికించీది?"

"బండి. అరుగు కాడ ఆపీసి, ఇంక పోదు అని సెప్పీయ్. అంతే నీ పని."

"గీత పడితేనో?"

ఆయన మొహం మాడిపోయింది. "గీత పడకుండా ఇరికించాల" అన్నాడు.

ఇన్నేళ్ళ సర్వీసులో నాకు అలాంటి పని ఎవరూ చెప్పలేదు. బాగా తోలమన్నవాళ్ళున్నారు, వేగంగా తోలమన్నవాళ్ళున్నారు, చెడగొట్టమని జీతం ఇచ్చింది ఆయనొక్కడే. కాదంటే ఆయన దగ్గర నా పని పోతుంది. ఆయన మాట విని మిగతావాళ్ళూ మానిపించేస్తారు. సరే అన్నట్టు తలూపి వచ్చేశాను. తలే కదా, ఊపితే పోయేదేముంది అనుకున్నాను గానీ ఆ రాత్రి అన్నం సహించలేదు.

పొద్దున్న అలవాటు కొద్దీ అరుగు దగ్గరికి వెళ్ళాను. అప్ప మామూలుగానే అట్టు వేసి చేతికిచ్చింది. ఆకు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ పెనం మీద నీళ్ళు చిలకరిస్తూ నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"తమ్ముడూ, బండి నివ్వే తోల్తావంట గదా."

"అవునప్పా."

"ఆ బావు ఇరికించీమన్నాడేటి?"

సందులో గోడలు పల్చన.

"ఇరికించీయ్. నీకూ పిల్లలున్నారు. నానేటీ అనుకోను" అంది. "ఈ పొయ్యి లోపల గదిలో పెట్టుకుంతాను. గదిలోకొచ్చి అట్టు తినీవోల్లు ఎవులున్నారో సూడాల. బేగి తిను, సల్లారిపోతాది."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిట్టినా బాగుండేది. తిడితే కోపం తెచ్చుకుని నా పని నేను చేసుకుపోయేవాణ్ణి.

ఆఫీసరమ్మ స్కూటీ మీద వచ్చింది. కూడా టేపు పట్టుకుని ఓ అటెండరు. సందంతా బయటే ఉంది. మేడల మీద జనం, కిటికీల్లో జనం, అరుగు మీద మాత్రం ఎవరూ కూర్చోలేదు. అప్ప పొయ్యి ఆర్పేసి ఓ మూల నించుంది. నేను సందు మొదట్లో బండెక్కాను. పక్క సీట్లో ప్లాట్లాయన ఎక్కాడు, దగ్గరుండి ఇరికించుకోడానికి.

నాలో ధర్మం మేలుకుందని రాస్తే మీరు చదివి మెచ్చుకుంటారు. మేలుకోలేదు. ఆపేయాలనే అనుకున్నాను. అరుగు దగ్గరికి వచ్చేసరికి ఆయన పళ్ళ సందు నుంచి "ఆపీ, ఆపీ, ఇక్కడే" అంటున్నాడు. బయట ఆటోవాడు అలవాటు చొప్పున "రానీ, రానీ" మొదలెట్టాడు. మేడ మీంచి రైటు కొట్టమన్నారు, కిటికీలోంచి లెఫ్టన్నారు. ఇంతమంది అరుస్తుంటే నేను ఎవరి మాటా వినని అలవాటు ఎప్పుడో చేసుకున్నాను. ఆ రోజూ వినలేదు. చేతులు వాటి దారిన అవి తిప్పాయి. ముందుకి, వెనక్కి, ఇంకొంచెం ముందుకి. అరుగు అంచు అద్దం పక్కనుంచి జారుకుంటూ వెళ్ళింది. చూస్తే బండి గేటులో ఉంది, తూర్పు మొహంగా. మూల నించున్న అప్ప మొహం ఓసారి కనబడింది. అప్పుడు మాత్రం నాకు నిజంగా సంతోషం వేసింది, అది దాచను.

ఆఫీసరమ్మ దగ్గరికొచ్చి వంగి చూసింది. "పట్టిందిగా అండీ" అంది.

ప్లాట్లాయన బండి దిగాడు. ఎర్రగా ఉన్నాడు. కానీ తెలివైనవాడు, దొరికినదాన్ని వదలడు. "ఈడు సర్కస్ వోడు మేడమ్" అన్నాడు. "ఈడికి పట్టిందని ఫైరింజను వోడికి పడతాదేటి? మామూలు మనిసి తోలితే ఇరుక్కుపోతాది."

మాట న్యాయంగానే ఉంది. ఆఫీసరమ్మ కూడా ఆలోచనలో పడింది. "అయితే మామూలు మనిషి ఎవరున్నారు ఇక్కడ?" అంది.

సందులో ఎవరూ ముందుకి రాలేదు. తను మామూలు మనిషినని నలుగురిలో ఒప్పుకోడానికి ఎవడికి మనసొప్పుతుంది?

"నానే తోల్తాను" అన్నాడు ప్లాట్లాయన.

బండి మళ్ళీ సందు మొదటికి వెళ్ళింది. దాన్ని అక్కడ పెట్టింది నేనేననుకోండి, వెనక్కి తోలడం ఆయన వల్ల కాదు. అక్కడ నన్ను దించి తనెక్కి, ఆయన వస్తున్నాడు. ఆయన చేయవలసింది చాలా చిన్న పని. బండి కుడి పక్కని అరుగుకి తగిలించి ఆగిపోవాలి. ఒక్క గీత పడితే అరుగు పోతుంది, అప్ప బతుకు పోతుంది, ఆయన గేటుకి ఎదురు లేకుండా పోతుంది. ఒక్క గీత.

ఆయనకి చెయ్యి రాలేదు. అరుగు దగ్గరికి రావడం, బ్రేకు కొట్టడం, ఎడమకి కోసేయడం. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి, మళ్ళీ బ్రేకు. షోరూములో అద్దం తుడవడానికి కూడా ఇంటి నుంచి గుడ్డ తీసుకెళ్ళిన మనిషాయన. ఆ రంగు మీద రాయి గీసుకుంటుందంటే ఒళ్ళు జలదరిస్తోంది, కిటికీలోంచి మొహం చూస్తే తెలుస్తోంది. నాకు జాలి వేసింది. ఆస్తి కోసం ఎవరినైనా ఏమైనా చేయగలవాడు, బండికి గాయం చేయలేకపోయాడు.

చివరిసారి అరుగుకి మరీ దూరంగా పోవాలని ఎడమకి ఫుల్లుగా తిప్పాడు. ముందు చక్రం ర్యాంపు ఎక్కి, దాని అంచు దాటి, పక్కనున్న కాలవలోకి దభీమని దిగింది. ఎడమ తలుపు గేటు స్తంభానికి ఆనుకుంది. వెనక భాగం ఊగి వచ్చి కుడి తలుపు అరుగు పక్కనే, తగలకుండా ఆగింది. గీత పడలేదు. తలుపు మాత్రం తెరుచుకోదు. ఆ పక్కా లేదు, ఈ పక్కా లేదు. ఇరికించమన్నవాడు ఇరుక్కున్నాడు, అదీ గీత పడకుండా, తను చెప్పినట్టే.

ఆటోవాడు కూడా "రానీ" అనలేదు. కిటికీలోంచి దూరి బయటికి రావడానికి ఆయన ఓసారి ప్రయత్నించాడు. బళ్ళతో పాటు ఆ మధ్య ఆయనా ఒళ్ళు చేశాడు. తల, ఓ చెయ్యి వచ్చాయి. మిగతాది రాలేదు. లోపలికి వెళ్ళిపోయి స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు.

ఆఫీసరమ్మ కాలవలోకి వంగి చూసింది. "ఈ ర్యాంపు ఎవరిదండీ?" అంది.

ఎవరూ చెప్పకుండానే అటెండరు టేపు పరిచాడు. అరుగు అప్ప స్థలంలోనే ఉంది. రోడ్డు మీదకి వచ్చింది ర్యాంపు.

అప్పుడు అసలు చిక్కొచ్చింది. చక్రం పైకి రావాలంటే ర్యాంపు అంచు అడ్డం. ఎంతమంది పట్టి ఎత్తినా అది వదలదు. నేను దగ్గరికి వెళ్ళి కిటికీలో చెప్పాను, "బాబూ, ర్యాంపు కొట్టీయకుంటే బండి రాదు. ఎత్తితే తలుపు కింద గీసుకుపోతాది" అని. ఆయన ఆఫీసరమ్మ వైపు చూశాడు, ర్యాంపు వైపు చూశాడు. గీసుకుపోతుందన్న మాట పనిచేసింది. లోపలి నుంచి తనే "కొట్టండ్రా, బేగి కొట్టండి" అన్నాడు. ఎవరో గునపం తెచ్చారు. ఆర్డరు రాయవలసిన పని ఆఫీసరమ్మకి తప్పింది.

సిమెంటు గట్టిది, చాలాసేపు పట్టింది. ఆయన ఎండలో లోపలే ఉన్నాడు. అప్ప మళ్ళీ పొయ్యి వెలిగించింది. అరుగూ కారు కిటికీ సరిసమానంగా ఉన్నాయి, మధ్యలో చెయ్యి పట్టే ఖాళీ. ఆవిడ ముందు గ్లాసుతో నీళ్ళిచ్చింది. తర్వాత విస్తరాకు ముక్కలో అట్టు పెట్టి కిటికీలోంచి అందించింది.

"తిను బావు" అంది. "గుంటడివి అయినప్పుడు ఈ అరుగు మీదే కూకుని తినీవోడివి. సెట్నీ ఇంకొంచెం, ఇంకొంచెం అని నా పానం తీసీవోడివి."

ప్లాట్లాయన ఆకు అందుకున్నాడు. గునపం దెబ్బలు పడుతుంటే, ర్యాంపు ముక్కలు కాలవలో పడుతుంటే, తల వంచుకుని తిన్నాడు. కాసేపటికి ఖాళీ ఆకు కిటికీలోంచి బయటికి వచ్చింది. అప్ప ఇంకో అట్టు వేసింది.

మర్నాటి నుంచి ఆయన నన్ను పిలవలేదు. మామూలే. నేను ఎదురు చూడలేదు కూడా. మిగతావాళ్ళు మాత్రం మానిపించలేదు. నా మీద గౌరవంతో కాదు, వాళ్ళ ఇళ్ళ ముందూ ర్యాంపులున్నాయి, వాటికి గీసుకోకుండా బండి లోపల పెట్టేవాడు ఇంకొకడు దొరకలేదు.

కొన్నాళ్ళకి ప్లాట్లాయన ఆ బండి అమ్మి ఇంకా వెడల్పైనది కొన్నాడు. అది మా సందులోకి మూతి కూడా పెట్టలేదు. మెయిన్ రోడ్డు మీద మూతపడిన ఓ షాపు ముందు గుడ్డ కప్పి ఉంచేవాడు. బండి రోడ్డు మీద నిద్రపోయినా ఫరవాలేదని, దానికీ ఓ శాంతి ఉందని సిద్ధాంతి గారే చెప్పారట. శాస్త్రం మనలా కాదు, ఎంత సందులోనైనా తిరుగుతుంది.

అయితే ఆయన గుమ్మంలోంచి ఆ షాపు కనబడదు. మేడ మీంచీ కనబడదు. సందులో ఒక్క చోటి నుంచే కనబడుతుంది, అప్ప అరుగు ఆ చివరి అంచు నుంచి. మొదట్లో పొద్దున్నే వచ్చి అక్కడ నించుని, బండి ఉందని చూసుకుని వెళ్ళిపోయేవాడు. తర్వాత చూడ్డానికి ఎక్కువసేపు పట్టేది. తర్వాత ఓ రోజు చేతిలో అట్టు కనబడింది.

నేను మానేసే ముందు ఓ పొద్దున్న అరుగు నిండా జనం. నేను, ఆటోవాడు, మిల్లు వాళ్ళు, భుజాలు రాసుకుంటూ కూర్చున్నాం. ప్లాట్లాయన వచ్చాడు. చోటు లేదు. ఆకు పట్టుకుని నిలబడ్డాడు, కూర్చున్నవాళ్ళని ఏమీ అడగలేక. అప్ప పెనం మీంచి తల ఎత్తలేదు.

"జరగండర్రా" అంది. "బావు ఒల్లు సేసినాడు, కొంచెం ఎక్కువ సోటియ్యండి."

ఇటు నేను జరిగాను, అటు ఆటోవాడు జరిగాడు. ప్లాట్లాయన మెల్లగా వెనక్కి తిరిగి మా మధ్య కూర్చున్నాడు. పట్టాడు.